ఆగడమూ విద్యే

మన సినిమాల్లో యుద్ధవిద్య ఒక్క పాటలో వచ్చేస్తుంది. పల్లవి దగ్గర పిడికిలి బిగించడం కూడా రాని కుర్రాడు, చివరి చరణం అయ్యేసరికి ఎదురులేని వీరుడవుతాడు. 1999లో 'తమ్ముడు' చూసి కిక్ బాక్సింగ్ మీద మనసు పడ్డ తరం నాది. 2003లో 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' వచ్చింది, ఆ ఏడే 'జానీ' వచ్చింది. 2022లో 'లైగర్' వచ్చేనాటికి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అనే మాట మా నెల్లూరు తీరంలో పల్లెపల్లెకీ తెలిసిపోయింది. ఆ పాటల మీద నాకు ప్రేమే ఉంది. ఇంట్లో కూర్చున్న పిల్లవాణ్ణి లేపి మైదానానికి పంపగల బలం వాటిది. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో తెల్లవారకముందే పరుగు తీసే కుర్రాళ్ళలో ఎందరి చెవుల్లో అలాంటి పాటలు మోగుతుంటాయో.

అయితే ఆ పాటల్లో హీరో పరిగెత్తుతాడు, దండీలు తీస్తాడు, సంచీని గుద్దుతాడు, వర్షంలో తడుస్తూ మళ్ళీ గుద్దుతాడు. ఎక్కడా ఆగడు. ఆగితే పాట సాగదు. నలభై దాటాక ఈ విద్యలోకి అడుగుపెట్టి, నాలో సగం వయసున్న పిల్లల పక్కన నిలబడి నేర్చుకుంటున్న నాకు మాత్రం, కొత్తగా వచ్చినవాడు అన్నిటికన్నా ముందు నేర్వవలసింది ఆగడమేనన్న నమ్మకం రోజురోజుకీ గట్టిపడుతోంది. ఎప్పుడు ఆపమని అడగాలి, అడిగితే ఎంత త్వరగా ఆపాలి, ఎవరూ అడగకపోయినా ఎక్కడ ఆగిపోవాలి. ఈ మూడూ తెలిసినవాడు ఆలస్యంగానైనా విద్యావంతుడవుతాడు. తెలియనివాడు ఎంత బలవంతుడైనా ఏడాది తిరక్కముందే మోకాలికి కట్టుతో ఇంట్లో కూర్చుంటాడు.

ఈ మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఆటే ఆగడం నేర్చుకుంటూ పెరిగింది. 1993 నవంబరు 12న అమెరికాలోని డెన్వర్ నగరంలో మొదటి యూఎఫ్‌సీ (అల్టిమేట్ ఫైటింగ్ చాంపియన్‌షిప్) పోటీలు జరిగాయి. బాక్సర్, సుమో మల్లుడు, కరాటే వీరుడు, కుస్తీ పట్టేవాడు, ఇలా ఎనిమిది మంది ఒకే రాత్రి తలపడ్డారు. బరువు తరగతుల్లేవు. కొరకడం, కళ్ళు పొడవడం వంటి కొన్నిటిని తప్ప నిషేధించింది లేదు. ఆ రాత్రి గెలిచింది అందరిలోకీ బక్కగా కనిపించిన బ్రెజిల్ యువకుడు రాయిస్ గ్రేసీ. ఆయన ఎవరినీ స్పృహ తప్పేలా కొట్టలేదు. నేలమీదికి తీసుకెళ్ళాడు, పట్టులో బిగించాడు, ముగ్గురు ప్రత్యర్థులూ చేత్తో తట్టి ఇక చాలన్నారు. ఆ తర్వాత చాలా రాష్ట్రాలు ఈ పోటీలను నిషేధించాయి. 2000-2001 ప్రాంతంలో న్యూజెర్సీలో ఉమ్మడి నియమావళి రూపొందాక పరిస్థితి మారింది. బరువు తరగతులు, అయిదేసి నిమిషాల రౌండ్లు, చేతికి తొడుగు, వైద్యుడు, తలవెనక కొట్టరాదు, కింద పడ్డవాడి తలను తన్నరాదు వంటి నిషేధాలు అందులో స్థిరపడ్డాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఏ క్షణంలోనైనా పోటీని ఆపగల అధికారం రిఫరీకి నియమంగా ఖాయమైంది. మన దేశంలో 2012లో సూపర్ ఫైట్ లీగ్ మొదలైంది. 2024 జూన్‌లో పూజా తోమర్ యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆపే నియమాలు లేకుంటే ఈ ఆట ఆమె దాకా వచ్చేదే కాదు.

శిక్షణ గదిలో మొదటి రోజు మాస్టారు నేర్పేది గుద్దు కాదు. పడటం, తట్టడం. గడ్డం గుండెకు ఆనించి, తల వెనక్కి తగలకుండా, చేతులు నేలమీద పరిచి పడటం ఒకటి. పట్టులో చిక్కినప్పుడు ఎదుటివాడి ఒంటిమీదో నేలమీదో రెండుసార్లు గట్టిగా తట్టడం ఇంకొకటి. చేతులు రెండూ చిక్కుకుపోతే కాలితో తట్టాలి, అదీ వీలుకాకపోతే నోటితో చెప్పాలి. నొప్పి పుట్టాక తట్టడం ఆలస్యమే. కీలు దాని హద్దుకు చేరుతోందని తెలియగానే తట్టాలి. మెడ పట్టులో అయితే వ్యవధి మరీ తక్కువ. మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్ళే ధమనులు నొక్కుకుపోతే పది సెకన్ల లోపే మనిషి స్పృహ తప్పవచ్చు. ఇంకొంచెం చూద్దాం అనుకునే ఆ 'ఇంకొంచెం'లోనే అంతా ఉంటుంది.

చేయి తట్టి ఆపమనే ఈ పద్ధతి మన తరానికి జూడో ద్వారా అందింది. 1882లో టోక్యోలోని ఎయిషోజీ అనే బౌద్ధాలయంలో, పన్నెండు చాపలు పట్టే గదిలో ఇరవై ఒక్క ఏళ్ళ జిగొరో కానో తన విద్యాలయం తెరిచాడు. పాత జుజుత్సులో ప్రాణం తీసే పట్లు, ఎముక విరిచే దెబ్బలు ఉండేవి. వాటిని పూర్తి బలంతో సాధన చేయడం కుదిరేది కాదు. కానో ప్రమాదకరమైనవాటిని సాధన నుంచి పక్కకు తీసి, మిగిలినవాటిని నిజంగా ఎదిరించే మనిషితో, పూర్తి బలంతో, రోజూ చేసుకోగలిగేలా మలిచాడు. ఫలితం లోకం చూసింది. ఘోరమైన పట్లను గాలిలో అభినయించినవాళ్ళకన్నా, సాధారణమైన పట్లను రోజూ బతికున్న మనిషిమీద సాధన చేసినవాళ్ళే ఆరితేరారు. తానూ ఎదుటివాడూ కలిసి బాగుపడాలన్నది కానో చెప్పిన రెండు మూలసూత్రాల్లో ఒకటి. ఆయన విద్యాలయంలో తయారైన మయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. గ్రేసీ కుటుంబం ఆయన దగ్గర నేర్చుకుంది. డెన్వర్‌లో ఆ ముగ్గురు నేల తట్టడం వెనుక ఉన్న దారి ఇదీ.

చేయి తట్టడమనే ఇంత తేలికైన పని మనవాళ్ళకు చాలా కష్టంగా ఉంటుంది. ఎందుకో నాకు తెలుసు. మేం పుట్టిన నేల అలాంటిది. పదమూడో శతాబ్దంలో నెల్లూరును మనుమసిద్ధి ఏలాడు. ఆయన కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి విరాటపర్వంతో మొదలుపెట్టి పదిహేను పర్వాల భారతాన్ని తెలుగు చేశాడు. వంటవాడి వేషంలో ఉన్న భీముడు రాజు ముందు మల్లుడితో తలపడే ఘట్టం ఉన్నది ఆ విరాటపర్వంలోనే. ఆ తిక్కనకు దగ్గరి బంధువు ఖడ్గతిక్కన. పశువుల మేత పన్ను దగ్గర నెల్లూరు రాజుకు పశుపాలకుల నాయకుడు కాటమరాజుతో తగాదా ముదిరి యుద్ధమైంది. సేన దెబ్బతిన్నాక ఖడ్గతిక్కన వెనుదిరిగి ఇంటికొచ్చాడని, భార్య అతని స్నానానికి మంచం చాటు కట్టి పసుపుముద్ద పెట్టిందని, తల్లి విరిగిన పాలు వడ్డించిందని, ఆ ఎత్తిపొడుపుకు తలవంచి మళ్ళీ యుద్ధానికి వెళ్ళి ప్రాణం విడిచాడని మా వైపు తరతరాలుగా చెప్పుకుంటారు. చిన్నప్పుడు విన్న ప్రతిసారీ ఒళ్ళు పులకరించేది. ఇప్పటికీ పులకరిస్తుంది.

ఆ కథ మా పిల్లలతో పాటే శిక్షణ గదిలోకి వస్తుంది. వాళ్ళకు ఖడ్గతిక్కన పేరు తెలియకపోవచ్చు. వెనక్కి తగ్గితే పసుపుముద్ద ఎదురవుతుందన్న భయం మాత్రం ఒంట్లో ఉంటుంది. అందుకే చెయ్యి విరుగుతున్నా పళ్ళు బిగించి చూస్తుంటారు. నేను వాళ్ళతో అనే మాట ఒకటే. యుద్ధం ఒక్కసారి వస్తుంది, సాధన రోజూ వస్తుంది. యుద్ధంలో వెన్ను చూపితే ఊరు పోతుంది. సాధనలో చెయ్యి తట్టితే ఎవరిదీ ఏదీ పోదు, పైగా ఆ పట్టు ఎలా పడిందో తెలుస్తుంది, మరుక్షణం మళ్ళీ మొదలుపెట్టవచ్చు. తట్టకుండా మొండికేసినవాడు ఆ పాఠం కోల్పోతాడు, ఆపై మూణ్ణెల్ల పాఠాలు కోల్పోతాడు.

మొండితనాన్ని కీర్తించే కథలు ఈ ఆటలోనూ ఉన్నాయి. 1951లో రియో నగరంలోని మరకానా స్టేడియంలో జపాన్ జూడో వీరుడు మసహికో కిమురా, బ్రెజిల్ వీరుడు హీలియో గ్రేసీ తలపడ్డారు. కిమురా హీలియో చేతిని వెనక్కి మెలితిప్పాడు. హీలియో తట్టలేదు. చెయ్యి విరిగింది, అప్పుడూ తట్టలేదు. చివరికి అన్న కార్లోస్ టవల్ విసిరి ఆట ఆపించాడు. ఆ పట్టుకు ఇవాళ ప్రపంచమంతటా కిమురా అనే పేరు. ఈ కథ విన్న కుర్రాడు హీలియో పంతాన్ని తలకెత్తుకుంటాడు. నా కళ్ళు మాత్రం కార్లోస్ చేతిమీదే ఉంటాయి. తమ్ముడు అడగలేని సమయంలో అన్న ఆపించాడు. ఆ తమ్ముడు మరో యాభై ఏళ్ళకు పైచిలుకు ఈ విద్యను నేర్పుతూ, సాధన చేస్తూ 2009లో తొంభై అయిదేళ్ళ వయసులో కన్నుమూశాడు. ఆ రాత్రి పోయింది పందెం, దక్కింది ఆ తర్వాతి జీవితమంతా.

ఆపమని అడగడం సగమే. అడిగిన క్షణాన ఆపడం మిగతా సగం, నా దృష్టిలో అదే పెద్ద సగం. నాకు జోడీగా దొరికిన కుర్రాడిది మైపాడు తీరం వైపు జాలర్ల పట్టపుపాళెం. చిన్నప్పటి నుంచీ వల లాగిన చేతులు, పడవను ఇసుకమీదికి నెట్టిన నడుము. నాకన్నా ఎంతో బలవంతుడు. చేతి పట్టు సాధన చేస్తున్నప్పుడు ఒకసారి మెల్లగా అన్నాడు. "నిదానంగా పట్టన్నా, రేపు వేటకి పోవాల." ఈ విద్యలోని నీతి అంతా నాకు ఆ మాటలోనే వినపడింది. అతని మోచెయ్యి అతని ఒక్కడిది కాదు. ఇంట్లో పొయ్యి వెలగడం దానిమీద ఆధారపడి ఉంది. దాన్ని అతను నా చేతుల్లో పెట్టాడు. నేను ఆపుతానన్న ఒక్క నమ్మకంతో పెట్టాడు. అలాగే నా మెడ అతని చేతుల్లో పెట్టి నేను నిశ్చింతగా ఉంటాను. కొట్లాట నేర్పే చోట మనుషులు ఒకరినొకరు ఇంతగా నమ్ముకోవలసి వస్తుందని బయటినుంచి చూసేవాళ్ళు ఊహించలేరు.

అందుకే కీలు పట్లు వేసేటప్పుడు చేరడం ఎంత వేగంగానైనా చేరవచ్చు, బిగించడం మాత్రం నెమ్మదిగా ఉండాలి. ఎదుటివాడికి తట్టే వ్యవధి ఇవ్వాలి. కొన్ని పట్లు కొత్తవాళ్ళు ముట్టుకోనే కూడదు. మడమను మెలితిప్పే హీల్ హుక్ అలాంటిది. మెలిక మడమ దగ్గర పెడితే దెబ్బ మోకాలికి తగులుతుంది, నొప్పి తెలిసేసరికి లోపలి లిగమెంటు తెగిపోయి ఉంటుంది. అంతర్జాతీయ బ్రెజిలియన్ జిజుత్సు సమాఖ్య తన పోటీల్లో 2021 దాకా ఈ పట్టును ఎవరికీ అనుమతించలేదు. ఇప్పుడు కూడా కిమోనో లేని విభాగంలో బ్రౌన్, బ్లాక్ బెల్టులున్న పెద్దవాళ్ళకే అనుమతి. ఏళ్ళ తరబడి నేర్చినవాళ్ళకే ఆంక్ష ఉన్న పట్టును యూట్యూబ్‌లో చూసి మైపాడు ఇసుకలో స్నేహితుడిమీద ప్రయోగించే పిల్లలను చూసినప్పుడు నా గుండె జారిపోతుంది.

తల సంగతి మరీ జాగ్రత్తగా చెప్పాలి. మోకాలు తెగితే శస్త్రచికిత్స ఉంది. మెదడుకు తగిలిన దెబ్బలు ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. 1928లోనే న్యూజెర్సీకి చెందిన వైద్యుడు హారిసన్ మార్ట్‌లాండ్, ఏళ్ళ తరబడి తలమీద దెబ్బలు తిన్న బాక్సర్లలో కనిపించే తూలుడు, మతిమరుపు, వణుకు గురించి వైద్యపత్రికలో రాశాడు. గ్లౌజు ప్రధానంగా కొట్టేవాడి చేతి ఎముకలను కాపాడుతుంది. తలకు తొడిగే గార్డు చర్మం చిట్లకుండా చూస్తుంది. పుర్రె లోపల మెదడు ఊగడాన్ని ఆ రెండూ ఆపలేవు. యూఎఫ్‌సీ ఫెదర్‌వెయిట్ చాంపియన్‌గా నిలిచిన మాక్స్ హాలోవే, శిక్షణలో స్పారింగ్, అంటే జోడీతో పోటీలా తలపడే సాధన, మానేశానని బాహాటంగా చెప్పాడు. చాంపియన్లే పోటీ రోజు కోసం తలను దాచుకుంటుంటే, మొదటి నెలలో ఉన్నవాడు ఆదివారం ఉదయం సరదాకు ఎందుకు ఖర్చు పెట్టుకోవాలి?

మొదటి కొన్ని నెలలు తలమీద గట్టి దెబ్బల జోలికి పోకూడదు. ముందు సంచీ, ఆ తర్వాత మాస్టారు పట్టే ప్యాడ్లు, ఆ తర్వాత చేతి వేళ్ళు తగిలీ తగలనట్టు ఆడే తేలిక స్పారింగ్. నేలమీది విద్యలో అయితే ఒక స్థితి నుంచి మొదలుపెట్టి ఆడటం కొత్తవాడికి ఎంతో మేలు. ఒకడు పైన, ఒకడు కింద. కిందివాడి పని తప్పించుకోవడం, పైవాడి పని నిలుపుకోవడం. తప్పించుకోగానే ఆగి మళ్ళీ మొదలు. గంటలో ఎన్నో సార్లు సాధన చిక్కుతుంది, దెబ్బ తగిలే అవకాశం తక్కువ. పొరపాటున తలకు దెబ్బ తగిలి కళ్ళు తిరిగినా, తలనొప్పి పట్టినా, మాట తడబడినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. బాగానే ఉన్నానని ఎంత అనిపించినా వైద్యుడికి చూపించుకుని, ఆయన సరే అన్నాకే మెట్టుమెట్టుగా తిరిగి రావాలి. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు.

ఇక ఎవరూ అడగకపోయినా ఆగడం. ఇది ఒంటితో ఒప్పందం. కొత్త ఉత్సాహంలో కండ త్వరగా గట్టిపడుతుంది. కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువులకు, ఎముకకూ ఎముకకూ మధ్య ఉండే లిగమెంట్లకు రక్తప్రసరణ తక్కువ. అవి నెమ్మదిగా బలపడతాయి. రెండో నెలలోనో మూడో నెలలోనో కొత్తవాళ్ళ భుజాలు, మోచేతులు మూలగడం వెనుక చాలాసార్లు ఈ తేడా ఉంటుంది. వారానికి రెండు మూడు రోజుల శిక్షణ, మధ్యలో విశ్రాంతి, రాత్రి నిండా నిద్ర చాలు. మా నెల్లూరు చేపల పులుసు వండిన పూటకన్నా మర్నాటికి రుచి తేరినట్టు, నేర్చిన పట్టు కూడా ఒక రాత్రి నిద్ర తర్వాతే ఒంటికి పడుతుంది.

తీరంలో సాధన చేసేవాడికి ఇంకొన్ని లెక్కలుంటాయి. మా దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో మర పడవల వేట నిషేధం. పట్టపుపాళేల కుర్రాళ్ళకు తీరిక దొరికే రోజులవే. ఎండ నిప్పులు చెరిగే రోజులూ అవే. రోహిణి కార్తెలో పొడి వడగాలి ఒకవైపు, సముద్రపు ఉక్క ఒకవైపు. ఉక్కలో చెమట ఆరదు, చెమట ఆరనిదే ఒళ్ళు చల్లబడదు. కాబట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరినీళ్ళు, తాటిముంజెలు మా తీరం ఇచ్చిన మందులు. తల దిమ్మెక్కినా, చెమట పట్టడం మానేసినా, వికారం పుట్టినా నీడకు చేరి ఒళ్ళు తడుపుకోవాలి, తేరుకోకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి. మాకు వాన దండిగా కురిసేది ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. అప్పుడు మ్యాట్లు ఆరవు, తామర ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. గోళ్ళు కత్తిరించుకోవడం, సాధన కాగానే స్నానం, ఉతికిన బట్టలు, రోజూ మ్యాటు తుడవడం, ఒంటిమీద మచ్చ కనిపిస్తే తగ్గేదాకా దూరంగా ఉండటం కూడా జోడీ పట్ల మర్యాదే.

ఇసుకకు రెండు గుణాలు. పొడి ఇసుకలో పడితే దెబ్బ తక్కువ, నడిస్తే పిక్కకు శ్రమ ఎక్కువ. తడి ఇసుక నేలకన్నా మెత్తన అనుకుంటాం గానీ, విసిరితే వీపుకు తెలుస్తుంది. మా పిల్లలు ఆ ఇసుకలో తరతరాలుగా ఆడింది చెడుగుడు. ఈ కొత్త విద్యకు అంతకన్నా మంచి పునాది నేను చూడలేదు. కాలు అందుకోవడం, నడుం పట్టడం, పట్టు విడిపించుకుని గీతవైపు దూకడం అన్నీ అందులో ఉన్నాయి. అన్నిటినీ మించి కూత ఉంది. కొత్తవాడు పట్టులో చిక్కగానే ఊపిరి బిగబడతాడు. బిగబడితే నిమిషంలో అలిసిపోతాడు. చెడుగుడు ఆడిన పిల్లవాడు ఎంత ఒత్తిడిలోనైనా కూత సాగిస్తూ ఊపిరిని మెల్లగా వదలడం ముందే నేర్చి ఉంటాడు. కూత ఆగేలోగా తిరిగి రావాలన్న ఎరుక కూడా అతనికుంటుంది. ఎంతదూరం పోవాలో, ఎక్కడినుంచి వెనక్కి మళ్ళాలో ఆ ఆట పసితనంలోనే చెప్పేసింది.

బరువు తగ్గించుకునే పిచ్చి ఒకటి ఈ మధ్య కుర్రాళ్ళలో మొదలైంది. తక్కువ బరువు తరగతిలో పోటీ చేయాలని తిండి మాని, నీళ్ళు మాని, ఎండలో జాకెట్లు వేసుకుని పరిగెత్తడం. 2015 డిసెంబరులో యాంగ్ జియాన్‌బింగ్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ చైనా యోధుడు మనీలాలో పోటీకి ముందు ఇలా బరువు తగ్గించుకుంటూ ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఆ పోటీలు నడిపే సంస్థే నీళ్ళు మాని బరువు తగ్గే పద్ధతిని నిషేధించింది. నేర్చుకునే దశలో ఉన్నవాడికి బరువు తరగతితో పనే లేదు. అన్నం, పప్పు, చేప, గుడ్డు, పెరుగు కడుపునిండా తిని సాధన చేయడమే అతని పని.

తెలుగునేలమీద పుట్టిన గొప్ప యోధురాలి జీవితంలోనూ ఆగవలసిన ఏడాది ఉంది. నిజామాబాద్ అమ్మాయి, బాక్సర్ నిఖత్ జరీన్‌కు 2017లో భుజం దెబ్బతింది. చాలాకాలం బరికి దూరంగా ఉండవలసి వచ్చింది. ఉడుకు వయసులో ఉన్న క్రీడాకారిణికి అది ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, మరుసటి ఏడాది ఢిల్లీలో మళ్ళీ అయింది. భుజం పూర్తిగా మానకముందే బరిలోకి దూకి ఉంటే ఆ రెండు పతకాలూ ఉండేవా అని నేను తరచూ అనుకుంటాను.

నన్ను ఎరిగినవాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. మైపాడు ఉన్న ఇందుకూరుపేట మండలంలోనే పెన్న ఒడ్డున పల్లిపాడు ఉంది. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహాశ్రమం అక్కడుంది. అహింసకు ఆలయం లాంటి ఆ చోటికి కూతవేటు దూరంలో తన్నులాట నేర్చుకోవడమేమిటి అని. నేను ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోను. ఆశ్రమానికి రావడానికి కొన్ని నెలల ముందు, 1920 ఆగస్టులో గాంధీజీ 'యంగ్ ఇండియా'లో ఒక వ్యాసం రాశారు. పిరికితనమా హింసా అన్న రెండే దారులుంటే హింసనే ఎంచుకోమంటానన్నారు. అంతకన్నా గొప్పది క్షమ అన్నారు. శిక్షించే శక్తి ఉండి మానుకున్నప్పుడే అది క్షమ అవుతుందనీ, శక్తిలేనివాడు క్షమించానంటే అర్థం లేదనీ వివరించారు.

నా జోడీ చెయ్యి నా పట్టులో ఉన్నప్పుడు, ఇంకొక అంగుళం వంచితే విరుగుతుందని తెలిసినప్పుడు, అతను మెల్లగా తట్టినప్పుడు నేను వదిలేస్తాను. ఆ వదలడంలో గాంధీజీ చెప్పిన దానికి ఒక చిన్న రూపం కనిపిస్తుంది. హాని చేయగలిగీ చేయకపోవడం ఉపన్యాసంతో వచ్చేది కాదు. ఒక సాయంత్రంలో పదులసార్లు చేస్తే, అలా ఏళ్ళు గడిస్తే, అది చేతికి అలవాటవుతుంది. చేతికి అలవాటైనది మెల్లగా నోటికి పాకుతుంది, కోపానికి పాకుతుంది, ఇంట్లో పిల్లలమీద లేచే గొంతుకు పాకుతుంది. శిక్షణ గదిలో ఆగడం నేర్చినవాడు రోడ్డుమీద గొడవ వచ్చినప్పుడు ముందుగా తప్పుకుంటాడు. అతనికి నిరూపించుకోవలసింది ఏదీ మిగిలి ఉండదు కాబట్టి.

ఇదంతా పుస్తకం చూసి వచ్చేది కాదు, మనిషి నుంచి మనిషికి రావలసిందే. మన ఊళ్ళలో తాలింఖానాలు ఉన్న రోజుల్లో వస్తాదు ముందుగా పిల్లవాడి చేత గోదా తవ్వించి, మట్టి మెత్తబరిపించి, గుంజీళ్ళు తీయించి, ఆ తర్వాతే పట్టు చూపేవాడు. కలియుగ భీముడని పేరుపొందిన వీరఘట్టం బిడ్డ కోడి రామమూర్తి నాయుడు గుండెమీద ఏనుగును నిలబెట్టుకున్నాడని అందరికీ తెలుసు. ఆ ప్రదర్శనలకు ముందు ఆయన మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో పిల్లలకు వ్యాయామం నేర్పిన ఉపాధ్యాయుడు. ఏనుగు మనకు గుర్తుండిపోయింది. దానికి ముందున్న క్రమశిక్షణ గుర్తుంచుకోవడం మన పిల్లలకు ఎక్కువ అవసరం.

కాబట్టి నేర్చుకోవాలనుకునే తమ్ముడికీ చెల్లెలికీ, వాళ్ళను పంపాలా వద్దా అని తటపటాయించే అమ్మానాన్నలకూ నేను చెప్పేది ఇది. ఫీజు కట్టేముందు ఒక సాయంత్రం ఆ గదిలో ఊరికే కూర్చుని చూడండి. గోడమీది కప్పులు, ఫొటోలు తర్వాత చూడవచ్చు. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి నెలల్లో ఏం నేర్పుతారో అడగండి. ఆడపిల్లలు భయం లేకుండా సాధన చేస్తున్నారా, మ్యాటు శుభ్రంగా ఉందా, స్పారింగ్ జరుగుతున్నంతసేపూ మాస్టారు కళ్ళు దానిమీదే ఉన్నాయా, వేడి ముదిరిన జంటను ఆయన విడదీస్తున్నారా గమనించండి. దెబ్బ తగిలి పక్కన కూర్చున్నవాణ్ణి తోటివాళ్ళు వెక్కిరిస్తుంటే లేచి వచ్చేయండి. చివరగా, ఆ గదిలో అందరికన్నా బలవంతుడెవరో కనుక్కుని, అతను అందరికన్నా బలహీనుడితో తలపడేదాకా ఓపిక పట్టండి. తట్టిన క్షణాన అతని చెయ్యి ఆగితే, ఆ సాయంత్రమే పేరు రాయించుకోండి.